పిల్లికూన చెలగాటం: నూటయాభై ఏళ్ళ వాదన

మా ఇంటికి వచ్చేనాటికి దానికి అయిదు వారాలు. వీధి చివర పచారీ కొట్టులో, బియ్యం బస్తాల వెనుక పుట్టిన నాలుగు కూనల్లో అది ఒకటి. తల్లిపిల్లి ఏమైందో తెలియలేదు. కొట్టాయన కూనలను అడిగినవారికి పంచిపెట్టాడు. మా అమ్మాయి ఒకదాన్ని స్కూలు సంచిలో పెట్టుకొని తెచ్చింది. మొదటి వారం అది మంచం కింది నుంచి బయటికి రాలేదు. అయిదో వారానికి మేము మంచం దిగడానికి వెనకాడే పరిస్థితి వచ్చింది. నేలమీద ఆనిన ప్రతి పాదమూ దానికి వేటే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంటింటి గడప నుంచి వీధి గుమ్మం దాకా పరుగు, అక్కడి నుంచి దోమతెర మీదికి ఎగబాకడం, తెర చిరిగి కింద పడటం, మళ్ళీ పరుగు. నిలకడ లేనివాణ్ణి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడంటాం. ఈ పిల్లికి ఏ కాలూ కాలలేదు. అది నిక్షేపంగా ఉంది. అదే మా సమస్య.

ఒక సాయంత్రం మా అమ్మాయి వేళ్ళు ఆడిస్తూ దాన్ని ఉడికిస్తుండగా అది చూపుడువేలిని గట్టిగా కొరికింది. నెత్తురు చుక్క కనిపించింది. రేబిస్ కుక్క వల్లనే కాదు, పిల్లి వల్ల కూడా సోకుతుంది. పళ్ళు దిగి నెత్తురు వస్తే దాన్ని మూడో తరగతి గాయంగా లెక్కిస్తారు. పదిహేను నిమిషాలు కుళాయి ధార కింద సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, చేతికి టీకా. 0, 3, 7, 28 రోజులలో మొత్తం నాలుగు దఫాలు. పిల్లిని పది రోజులు కళ్ళెదుట ఉంచుకొని గమనించమని కూడా డాక్టరు చెప్పారు.

మా అమ్మ ఆలోచన వేరు. "గోనెసంచిలో వేసి రైలుగేటు అవతల వదిలేసి రారా. మా నాన్న అలాగే చేసేవాడు," అన్నది. పది రోజులు గమనించాలి కనుక ఆ పది రోజులకు ఒప్పుకోక తప్పలేదు. "నాయనమ్మా, నాయనమ్మా" అంటూ మనవరాలు కొంగు పట్టుకొని తిరిగితే గడువును ఆఖరి సూది రోజుకు, అంటే ఇరవై ఎనిమిదో రోజుకు పొడిగించింది. ఆలోగా కూన దారికి రాకపోతే సంచి సిద్ధం. సంచిని మడిచి వంటింటి తలుపు వెనుక పెట్టింది కూడా.

నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. కప్పను కోయించారు, బొద్దింక నోటి భాగాలు గీయించారు. పిల్లికూన ఎందుకలా గెంతుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. దాన్ని శాంతపరచాలంటే ముందు ఆ సంగతి తెలియాలి కదా! ఆ ప్రశ్న వెంట వెళితే ఒక సుదీర్ఘమైన వాదన చరిత్ర బయటపడింది.

ఇటుక మీద అడుగులు

పరుగు మాత్రం కొత్తది కాదు. సింధు నాగరికతకు చెందిన చన్హుదారోలో 1935-36లో త్రవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకేకు ఒక ఇటుక దొరికింది. ఆరబెట్టిన పచ్చి ఇటుక మీదుగా ఒక పిల్లి పరుగెత్తింది, దాని వెనుకనే ఒక కుక్క. పిల్లి అడుగు మీద కుక్క అడుగు పడింది. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఆ తరుములాటలో ఎవరు గెలిచారో ఇటుక చెప్పదు.

పిల్లి, మనిషి కలిసి బ్రతకడం అంతకన్నా ఎంతో పాతది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఒక పిల్లి అస్థిపంజరాన్ని కనుగొన్నట్లు జాఁ-దెని విన్య బృందం 2004లో ప్రకటించింది. ఆ పిల్లి వయసు సుమారు ఎనిమిది నెలలు. అనగా మనకు తెలిసిన తొలి పెంపుడు పిల్లుల్లో ఒకటి ఇంచుమించు కూనే. అది ఎవరి పాదాలమీద దూకేదో! ఆ తర్వాత 2007లో కార్లోస్ డ్రిస్కాల్, ఆయన సహచరులు 979 పిల్లుల డి.ఎన్.ఎ.ను పరిశీలించి, ఇళ్ళలోని పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి అని తేల్చారు. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకలుంటాయి కనుక పిల్లి వచ్చింది. కుక్కను, పశువును మలచినట్టు దాన్ని మనిషి తన పనులకోసం పెద్దగా మలచలేదు. మన ఇంట్లో అటూ ఇటూ పరుగులు పెట్టేది ఒంటరిగా వేటాడి బ్రతికే జంతువు సంతానమే.

ఒళ్ళు కొవ్వెక్కడం అనే సిద్ధాంతం

"తిండి ఎక్కువై ఒళ్ళు కొవ్వెక్కింది దానికి," అన్నది అమ్మ. ఈ మాట వినగానే నాకు హెర్బర్ట్ స్పెన్సర్ గుర్తుకు వచ్చాడు. ఈ బ్రిటిష్ తత్త్వవేత్త 1870-72 నాటి తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో సరిగ్గా ఇదే చెప్పాడు. కాకపోతే కాస్త గంభీరంగా. చిన్న జీవులు తమ శక్తినంతా పొట్టకోసమే ఖర్చు చేస్తాయి. పెద్ద జీవులకు కొంత శక్తి మిగులుతుంది. వాడని నాడీ కేంద్రాలు విశ్రాంతిలో బలం పుంజుకొని, చిన్న సాకు దొరికితే చాలు పనిలోకి దిగుతాయి. అదే ఆట. వేటాడవలసిన అవసరం లేని ఇంటిపిల్లి కుర్చీ గుడ్డను, చెట్టు బెరడును గోళ్ళతో గీకడాన్ని ఆయన ఉదాహరణగా చూపాడు. మిగులు శక్తి అన్న భావన ఆయనకన్నా ముందే, 1795లో, జర్మన్ కవి షిల్లర్ రచనల్లో కనిపిస్తుంది.

ఇందులో కాలమహిమ ఉన్నది. శక్తి నిత్యత్వ సూత్రం అప్పటికి కొత్తది. ఊరూరా ఆవిరి యంత్రాలు. బాయిలర్‌లో ఆవిరి ఎక్కువైతే రక్షక కవాటం బుస్సుమంటూ తెరుచుకుంటుంది. జంతువును కూడా అలాగే చూశారు. ఈ సిద్ధాంతాన్ని నమ్మితే అల్లరి కూనకు రెండే మందులు: పరుగెత్తించి అలసిపోయేటట్టు చేయడం, లేదా తిండి తగ్గించడం. ఇప్పటికీ చాలామంది ఇచ్చే సలహాలు ఇవే. అమ్మ రెండో మందు మొదలుపెట్టింది. ఫలితం తర్వాత చెబుతాను.

స్పెన్సర్‌కు గట్టి సమాధానం కార్ల్ గ్రోస్ అనే జర్మన్ పండితుడి నుంచి వచ్చింది. ఆయన గ్రంథం 'జంతువుల ఆటలు' 1896లో వెలువడింది, రెండేళ్ళకు ఇంగ్లీషులోకి వెళ్ళింది. మిగిలిన ఆవిరే ఆటకు కారణమైతే అన్ని పిల్లజంతువులూ ఒకే తీరున గెంతాలి. మేకపిల్ల ఎగిరి దూకుతుంది, దూడ తలతో కుమ్ముతుంది, పిల్లికూన నేలకు కరచుకొని పాకి, నడుము ఊపి, ఒక్కసారిగా మీద పడుతుంది. ఎవరి పెద్దయ్యాక పని వారి ఆటలో ముందే కనిపిస్తుంది. కనుక ఆట భవిష్యత్తుకు అభ్యాసం అన్నాడు గ్రోస్. అంతటితో ఆగక, బాల్యం ఉన్నందువల్ల ఆట రాలేదని, ఆడుకోవడానికే ప్రకృతి బాల్యాన్ని ఇచ్చిందని తిరగవేశాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. బాగుండటం వల్లనే కాబోలు, దాదాపు ఎనభై ఏళ్ళపాటు దాన్ని ఎవరూ సరిగా పరీక్షించలేదు.

ఎలుకతో పెరిగిన కూనలు

గ్రోస్ వాదమంతా సహజాతం అనే పునాది మీద నిలిచింది. వేట పిల్లి రక్తంలోనే ఉంది, ఆటలో అది పదునెక్కుతుంది అన్నది ఆయన ఉద్దేశం. ఆ పునాదినే ప్రశ్నించినవాడు జింగ్ యాంగ్ కువో. చైనాలో 1898లో పుట్టిన ఈయన అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉంటూనే, మనస్తత్వశాస్త్రం సహజాతం అనే మాటను వదులుకోవాలంటూ 1921లో ఒక వ్యాసం ప్రకటించాడు. ప్రొఫెసర్లను ఎదిరించడం సరే, రుజువు ఏది? పిల్లి ఎలుకను చంపడం కన్నా తిరుగులేని సహజాతం ఏముంటుంది? కువో దానినే ఎంచుకున్నాడు.

కూనలను ఆయన మూడు రకాలుగా పెంచాడు. మొదటి రకం కూనలు తల్లి ఎలుకలను చంపుతుంటే చూస్తూ పెరిగాయి. ఆ 21 కూనల్లో 18 తామూ ఎలుకలను చంపాయి. రెండో రకం ఒంటరిగా పెరిగాయి. 20లో 9 చంపాయి. మూడో రకాన్ని చిన్ననాటి నుంచి ఒకే బోనులో ఎలుకతో కలిపి పెంచాడు. 18లో మూడే చంపాయి. అవి కూడా తాము కలిసి పెరిగిన జాతి ఎలుకను ముట్టలేదు, వేరే రకం ఎలుకలను మాత్రమే చంపాయి. ఈ ఫలితాలు 1930లో అచ్చయ్యాయి. పిల్లిని ఎలుకల హంతకిగానూ పెంచవచ్చు, ఎలుకకు నేస్తంగానూ పెంచవచ్చు అన్నది కువో తీర్పు.

ఈ అంకెలను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మూడో గుంపు అందరికీ నచ్చుతుంది. బోనులో ఎలుక పక్కన పడుకున్న కూన బొమ్మ ఎవరి మనసునైనా కరిగిస్తుంది. నాకు మాత్రం రెండో గుంపు మీద ఆసక్తి కలిగింది. ఏ తల్లీ చూపకుండానే, ఏ తోబుట్టువుతోనూ ఆడకుండానే తొమ్మిది కూనలు ఎలుకను ఎలా చంపగలిగాయి? అదే స్థితిలో పెరిగిన పదకొండు ఎందుకు చంపలేదు? సహజాతవాదులు తొమ్మిదిని చూపారు, కువో పదకొండును చూపాడు. నా మటుకు ఇద్దరూ సగం సగమే చెప్పారనిపిస్తుంది.

ఆ తొమ్మిది వైపు తూకం పెంచే సాక్ష్యం ఫ్రాన్సులో నిద్రను పరిశోధిస్తున్న ప్రయోగశాల నుంచి వచ్చింది. లియాన్ నగరంలో మిషెల్ జువే 1959 నుంచి పిల్లుల నిద్రను పరిశీలించాడు. కలల నిద్రలో కండరాలన్నీ సడలిపోతాయి. మెదడు కాండంలో ఆ సడలింపుకు కారణమైన చోటును దెబ్బతీస్తే, నిద్రలోనే పిల్లి లేచి, లేని ఎలుకను పొంచి చూసి, దానిమీద పడుతుంది. వేట కదలికలు మెదడులో కూర్పుగా ఉన్నాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అవి ఎవరి మీద, ఎప్పుడు, ఎంత గట్టిగా ప్రయోగించాలన్నది మాత్రం పెంపకం తేలుస్తుంది. మా అమ్మాయి వేలు కూనకు ఎలుక అయిందంటే, మేమే అలా పెంచాం. మొదటి వారం మంచం కింది నుంచి దాన్ని రప్పించడానికి మేము వాడిన ఎర మా వేళ్ళే!

ఎలుకకు ప్రాణసంకటం

మన సామెత ఉండనే ఉంది: పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పిల్లి చంపగలిగీ చంపకుండా ఎందుకు ఆడిస్తుంది? క్రూరత్వం వల్ల అనుకుంటాం. జర్మనీకి చెందిన పాల్ లైహౌసన్ 1956లో ప్రచురించిన పరిశీలనలు దీనికి మరో కారణం సూచించాయి. పిల్లికి వరుసగా ఎలుకలను ఇస్తూ పోతే మొదట చంపి తింటుంది. కడుపు నిండాక చంపుతుంది కాని తినదు. ఆపైన పట్టుకుంటుంది కాని చంపదు. చివరికి పొంచి చూడటంతో సరిపెడుతుంది. పొంచడం, పట్టడం, చంపడం, తినడం ఒకే దాహానికి నాలుగు మెట్లు కావని, దేని కోరిక దానిదేనని ఆయన అన్నాడు. 1979లో మాక్సీన్ బైబెన్ మరో ముడి విప్పింది. ఎలుక పెద్దదై ఎదురుతిరిగేలా ఉన్నా, పిల్లికి ఆకలి అంతగా లేకపోయినా, చంపడం తగ్గి చెలగాటం పెరుగుతుంది. అంటే మనం క్రూరత్వం అనుకునేదానిలో సగం పిరికితనమే.

లైహౌసన్‌కు స్నేహితుడైన కొన్రాడ్ లోరెంజ్ 1950లో సహజాతాన్ని నీళ్ళ తొట్టితో పోల్చాడు. తొట్టి నిండుతూ ఉంటుంది. తగిన ప్రేరణ దొరికితే మూత తెరుచుకుంటుంది. దొరకకపోతే నీరు పొర్లిపోతుంది. స్పెన్సర్ ఆవిరి పోయి లోరెంజ్ నీళ్ళు వచ్చాయన్నమాట. తొట్టిని ఖాళీ చేస్తే కూన నిదురపోవాలి. మేమూ ఆ ప్రయత్నం చేశాం. ఒక రాత్రి గంటసేపు కాగితపు ఉండను విసిరి విసిరి నా భుజం పట్టేసింది. కూన ఇరవై నిమిషాలలో విసుగెత్తి కూర్చుంది. తొట్టి ఖాళీ అయిందనుకొని నేను వెళ్ళి పడుకున్నాను. అది నా కాలి బొటనవేలిని పట్టింది.

కేంబ్రిడ్జిలో తేలిన విడ్డూరం

కూనల ఆటను గడియారం చేతపట్టి లెక్కించడం 1970లలో మొదలైంది. మెరెడిత్ వెస్ట్ 1974లో కూనలు తమలో తాము ఆడే ఆటను ఎనిమిది భంగిమలుగా విడదీసింది. వెల్లకిలా పడటం, రెండు కాళ్ళమీద లేవడం, పక్కకు అడుగులు వేయడం, మీదికి ఉరకడం, తరమడం వగైరా. తోబుట్టువులతో ఆట నాలుగో వారంలో మొదలై, పన్నెండు పద్నాలుగు వారాల నాటికి తగ్గుముఖం పడుతుంది. కేంబ్రిడ్జిలో ప్రిసిల్లా బారెట్, పాట్రిక్ బేట్సన్‌లు 1978లో చూపినదాని ప్రకారం, వస్తువులతో ఆట ఏడు ఎనిమిది వారాల వయసులో ఒక్కసారిగా పెరుగుతుంది. పాలు మానే వయసు అదే.

అసలు విడ్డూరం తర్వాత తేలింది. బేట్సన్, మార్గరెట్ యంగ్‌లు 1981లో తల్లి నుంచి ముందుగా వేరుచేసిన కూనలను పరిశీలించారు. అవి తక్కువ ఆడతాయని ఎవరైనా అనుకుంటారు. అవి వస్తువులతో మరింత ఎక్కువగా ఆడాయి. 1990లో బేట్సన్ బృందమే పాలిచ్చే తల్లులకు తిండిని పరిమితం చేసి చూసింది. ఆ తల్లుల కూనలు కడుపునిండా తిన్న తల్లుల కూనలకన్నా ఎక్కువ ఆడాయి! తిండి తగ్గితే ఆట తగ్గాలన్న స్పెన్సర్ లెక్క ఇక్కడ తలకిందులైంది. పరిశోధకుల వివరణ ఇది: పాలు తగ్గాయంటే తల్లి త్వరలో పాలు మాన్పిస్తుందని, తన తిండి తాను చూసుకునే రోజు దగ్గరపడిందని కూన శరీరం గ్రహించి, అభ్యాసాన్ని ముందుకు జరుపుతుంది. పైగా కూన రోజంతా ఖర్చు చేసే శక్తిలో ఆట వాటా పదో వంతుకు మించదని పాల్ మార్టిన్ 1984లోనే లెక్కగట్టాడు. అంత కొద్దిపాటి ఖర్చు కోసం బాయిలర్ పేలుతుందా?

మా కూన అయిదో వారంలోనే తల్లిని పోగొట్టుకున్నది. దానికి తోడు అమ్మ తిండి తగ్గించింది. మూడు రోజుల్లో దాని ఆగడం రెట్టింపయింది. కేంబ్రిడ్జి కథ నేను చెబితే అమ్మ నమ్మలేదు. గిన్నెలో చేపతల వేసి, నాలుగో రోజు చూసి మాత్రం ఏమీ అనకుండా ఊరుకుంది. (ఒక్క మాట. పెరుగన్నంతో పిల్లి బ్రతుకుతుందనుకోవడం పొరపాటు. టారిన్ అనే పదార్థం లోపిస్తే పిల్లి కంటిపొర దెబ్బతింటుందని 1975లో రుజువైంది. అది మాంసం, చేపల నుంచే లభిస్తుంది.)

గ్రోస్ మాటేమిటి? ఆయనకూ చిక్కు వచ్చింది. టిమ్ కేరో 1980లో బొమ్మలతో ఆడిన కూనలను, ఆడనివాటిని పెద్దయ్యాక వేటలో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఆట వేటకు అభ్యాసం అన్న అందమైన మాట సైతం అంత సులభంగా నిలవదు. ఆట దేనికి అన్న ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

తోబుట్టువు చెప్పే పాఠం

కొరకడం సంగతి వేరు. మా కూన తమ్ముడో అన్నో వెనుక వీధిలో దర్జీ ఇంట్లో ఉన్నాడు. పన్నెండో రోజున మా అమ్మాయి రెండింటినీ కలిపింది. మొదట ఉబ్బిన తోకలు, తర్వాత కుస్తీ. మావాడు ఒకసారి గట్టిగా కొరకగానే రెండోవాడు కీచుమని అరిచి, ఆట ఆపి, కుట్టుమిషను కిందికి పోయి కూర్చున్నాడు. ఆట కావాలంటే మెల్లగా పట్టాలి. కట్టుకున్న చీర కొంగునో, ముడుచుకోని వేలినో కొరికితే ఈ పాఠం దొరకదు. ఫిన్లండ్‌లో మిల్లా అహోలా, హన్నెస్ లోహీ బృందం దాదాపు 6 వేల పిల్లుల సమాచారాన్ని విశ్లేషించి 2017లో ప్రచురించింది. ఎనిమిది వారాలకు ముందే తల్లి నుంచి విడిపోయిన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా ఉంది. పద్నాలుగు వారాల దాకా తల్లివద్ద ఉన్నవి మరింత నెమ్మది. అమెరికాలో ఐలీన్ కార్ష్ 1980లలో చూపిన మరో సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. రెండు నుంచి ఏడు వారాల మధ్య మనిషి చేతిస్పర్శ ఎరిగిన కూన మనుషులకు మచ్చికవుతుంది. రోజుకు పదిహేను నిమిషాలు ఎత్తుకున్నవాటికన్నా నలభై నిమిషాలు ఎత్తుకున్నవి మరింత చేరువయ్యాయి. తల్లి దగ్గరా ఉండాలి, మనిషి చేతిలోనూ పెరగాలి. బియ్యం బస్తాల వెనుక పుట్టిన కూనకు ఆ రెండూ కుదరలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే నియమం. చేయి ఆటవస్తువు కాదు. కొరికితే కొట్టడం, అరవడం లేదు. మనిషి కదలకుండా ఆగి, మారుమాట్లాడకుండా లేచి వెళ్ళిపోవాలి. దర్జీ ఇంటి కూన చేసినట్టే.

సౌతాంప్టన్ బొమ్మలు

కాగితపు ఉండతో నేను ఎందుకు ఓడిపోయానో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధనలు చదివాక అర్థమయింది. శారా హాల్, జాన్ బ్రాడ్‌షాలు 1998లో ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మలతో మరింత తీవ్రంగా ఆడతాయని చూపారు. ఆకలి వేటనూ పెంచుతుంది, ఆటనూ పెంచుతుంది. కాబట్టి పిల్లి దృష్టిలో ఈ రెండింటికీ మధ్య పెద్ద గోడ లేదు. 2002లో వాళ్ళు ఇయాన్ రాబిన్సన్‌తో కలిసి మరో ప్రయోగం చేశారు. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ ఇస్తే మూడోసారికి పిల్లి ఆటను దాదాపు మానేసింది. అది అలసిపోయిందా? లేదు. అయిదు నిమిషాల తర్వాత రంగు, వాసన మారిన మరో బొమ్మ ఇస్తే మొదటిసారికన్నా ఉధృతంగా ఆడింది. అరగంట, ముప్పావుగంట ఆగి ఇస్తే ఆ ఉధృతి కనిపించలేదు.

దీన్ని జాగ్రత్తగా చదవాలి. పిల్లి ఆట మానడానికి కారణం తొట్టి ఖాళీ కావడం కాదు, బొమ్మ మారకపోవడం. నిజమైన ఎలుకైతే పట్టిన కొద్దీ చిరుగుతుంది, ఈకలో వెంట్రుకలో ఊడతాయి, చివరికి తిండి అవుతుంది. కాగితపు ఉండ ఎంత కరిచినా కాగితపు ఉండే. పిల్లి దానితో విసిగి వదిలేస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో కళ్ళముందు ఏది కొత్తగా కదిలినా దానిమీద పడుతుంది. ఆ రాత్రి కొత్తగా కదిలింది నా బొటనవేలు!

కనుక క్రమం మార్చాం. పొడవాటి వెదురుపుల్లకు పురికొస, కొసకు ఒక రోజు కోడి ఈక, ఒక రోజు గుడ్డపీలిక, మరో రోజు ఎండిన కొబ్బరిపీచు. ఎలుకలా గోడవారగా, దూరంగా పోయేటట్టు లాగాలి. ముఖం మీదికి ఆడించకూడదు. పావుగంటలో మూడు నాలుగుసార్లు దాన్ని పట్టుకోనివ్వాలి, చివరిసారి పట్టిన వెంటనే తిండి పెట్టాలి. వేట, తిండి, నాకుకోవడం, నిద్ర, పిల్లి దినచర్యలో సహజమైన వరుస ఇదే. మేము దాన్ని రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టుకున్నాం. ఆట అయ్యాక పురికొసను అందకుండా బీరువాలో దాచాలి. మింగితే పేగులు కోసుకుపోయే ప్రమాదం ఉంది. లేజర్ చుక్కతో ఆడించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆ చుక్క ఎన్నటికీ పట్టుబడదు. లోరీ కోగన్, ఎమ్మా గ్రిగ్‌లు 2021లో జరిపిన సర్వేలో లేజర్ ఆట ఎక్కువైన ఇళ్ళలో, నీడల వెంట పడటం వంటి వింత అలవాట్లు పిల్లుల్లో ఎక్కువగా కనిపించాయి. కార్యకారణం రుజువైందనలేం గాని, నేను మానుకున్నాను.

ఇదే సంవత్సరం ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 355 పిల్లుల మీద జరిపిన పరిశోధనలో, రోజుకు అయిదు పది నిమిషాలు యజమాని ఆడిస్తే ఆ పిల్లులు ఇంటికి పట్టితెచ్చే జీవుల సంఖ్య 25 శాతం తగ్గింది.

మార్జాల కిశోర న్యాయం

మెడమీది చర్మం పట్టుకొని ఎత్తితే కూన ఊరుకుంటుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. మనవాళ్ళు ఎరిగిన విషయమే. కోతిపిల్ల తల్లిని తానే కరచుకుంటుంది. పిల్లికూన ఏ ప్రయత్నమూ లేకుండా తల్లి నోట వేలాడుతుంది. భక్తుడు భగవంతుణ్ణి చేరడానికి స్వయత్నం కావాలా, శరణాగతి చాలునా అన్న చర్చలో శ్రీవైష్ణవులు ఈ రెండింటినే ఉపమానంగా తీసుకున్నారు. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం, వడగలై వారిది మర్కట కిశోర న్యాయం. ఆ వేలాడే కూనను ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో!

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం 2008లో పిల్లుల మెడ చర్మానికి మామూలు క్లిప్పులు తగిలించి పరీక్షించింది. చాలా పిల్లులు నిశ్చలమయ్యాయి. గుండె వేగం, రక్తపోటు వంటివి భయాన్ని సూచించలేదు. తల్లి మోసేటప్పుడు కదలకుండా ఉండే శైశవపు ప్రతిచర్య ఇది. అయితే దీన్ని ఇంటి వైద్యంగా వాడరాదని నా అభిప్రాయం. తల్లి మోసేది కొద్ది వారాల కూనను. పెరిగిన పిల్లిని మెడపట్టి వేలాడదీస్తే బరువంతా ఆ చర్మం మీదే పడుతుంది. కదలకుండా ఉండటం వేరు, శాంతంగా ఉండటం వేరు.

మరో ప్రశ్న కుప్పింటాకు గురించి. మన పెరళ్ళలో, గోడవారల మొలిచే కుప్పింట మొక్కను వేరుతో పెరికితే పిల్లులు దాని చుట్టూ దొర్లుతాయి. తమిళులు దీనికి పిల్లి మొక్కే మొక్క అని పేరు పెట్టారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2016లో దాని వేళ్ళ నుంచి వేరుచేసిన ఆకర్షక రసాయనాలు, పాశ్చాత్య దేశాల పిల్లిపుదీనాలోని నెపెటలాక్టోన్‌కు దగ్గరి బంధువులని తేలింది. పిల్లిపుదీనాకు మూడు నెలల లోపు కూనలు సాధారణంగా స్పందించవు. మా అమ్మాయి మేడ గోడ పక్కనున్న కుప్పింటను పీకి తెచ్చింది. కూన దాన్ని వాసన చూసి, తుమ్మి, వెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిదో రోజు

ఆఖరి సూది వేయించుకొని వచ్చేసరికి మధ్యాహ్నమయింది. అప్పటికి కూనకు పద్నాలుగు వారాలు. పది రోజుల గడువు దాటి చాలా కాలమైంది, దానికి ఏ జబ్బూ లేదు. పశువైద్యుని దగ్గర దానికి కూడా రేబిస్ టీకా వేయించాం. పది రోజులుగా ఎవరినీ కొరకలేదు. తెల్లవారుజామున పరుగు మాత్రం ఉన్నది, నాలుగింటికి కాదు, అయిదున్నరకు.

ఇది మా విధానం సాధించిన ఫలితమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. పద్నాలుగు వారాలకు కుస్తీలాట దానంతటదే తగ్గుతుందని వెస్ట్ ఎప్పుడో చెప్పింది. పోల్చి చూడటానికి రెండో కూనను ఏమీ చేయకుండా పెంచలేదు. ఒక్క కూనతో చేసిన ప్రయోగాన్ని ఏ పత్రికా అచ్చు వేయదు. ఈ సంగతే అమ్మతో అంటే, "అయితే ఊరకే ఉన్నా తగ్గేదంటావా?" అని అడిగింది. తెలియదన్నాను.

ఆమె తలుపు వెనుక గోనెసంచి కోసం చూసింది. సంచి మడతల మధ్య కూన ముడుచుకొని పడుకొని ఉంది. నాలుక కొన బయట, ముందుకాళ్ళు నిద్రలో అదురుతున్నాయి. జువే చూసిన లేని ఎలుక దానికి కలలో వచ్చి ఉంటుంది. "లేచాక చూద్దాంలే," అని అమ్మ చేపతల కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.